మూడు టూల్స్, మూడు అంకెలు: నాన్న కొన్న షేర్ల లెక్క

ప్రశ్న: హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందులోని సంగతి ఇది.

ఆమెకు 34 ఏళ్లు. ఐటీ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. నాన్నగారు తాడేపల్లిగూడెంలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. జీతంలో మిగిలిన దాంతో పాతికేళ్లుగా పదీ పరకా షేర్లు కొంటూ వచ్చారు. 2024 ఆగస్టులో ఆయన పోయారు. అన్నీ భార్యకే చెందేలా విల్లు రాసి ఉంచారు. 2025 మార్చిలో ఆ షేర్లు అమ్మగారి డీమ్యాట్ ఖాతాలోకి మారాయి. నవంబరులో తమ్ముడు ఇల్లు కొనుక్కుంటుంటే పదకొండు కంపెనీల షేర్లు మొత్తంగా అమ్మేశారు. 18,40,000 రూపాయలు వచ్చాయి. మరో మూడు కంపెనీలవి ముట్టుకోలేదు.

ఇప్పుడు అమ్మగారి పేరున రిటర్న్ వేయాలి. ఆవిడకు 66 ఏళ్లు. ఫ్యామిలీ పెన్షన్, ఎఫ్‌డీ వడ్డీ కలిపి పన్ను లెక్కకు వచ్చేది ఏడాదికి 3,40,000. ‘కంప్యూటర్ పని కదా, నువ్వే చూడు’ అని ఇంట్లోవాళ్లు ఈమెకు అప్పగించారు. బ్రోకర్ ఇచ్చిన ట్యాక్స్ రిపోర్టులో లాభం 18,40,000 అని ఉంది. స్టేట్‌మెంట్ అప్‌లోడ్ చేస్తే లెక్క తీసే ఒక వెబ్‌సైటు 1,90,000 షార్ట్ టర్మ్ లాభం అంది. ఆఫీసులో స్నేహితుడు ఇచ్చిన పైథాన్ స్క్రిప్టు 7,20,000 లాంగ్ టర్మ్ అంది. అమ్మగారి పేరున ముందునుంచీ ఉన్న ఒక మ్యూచువల్ ఫండు మీద మాత్రం అన్నీ ఒకే అంకె చూపించాయి.

‘తక్కువ వచ్చింది వేసెయ్యక్కా, అదీ సాఫ్ట్‌వేర్ లెక్కేగా’ అంటున్నాడు తమ్ముడు. బ్రోకర్ లాగిన్, పాస్‌వర్డ్ ఇస్తే అంతా వాళ్లే లాగేసుకునే ఇంకో సైటు ఉందని మావయ్య చెబుతున్నారు. తెలిసిన ఆడిటర్ 15,000 అడిగారు. ‘మీ నాన్నగారుంటే ఒక్క పూటలో తేల్చేసేవారు’ అని అమ్మ రాత్రిళ్లు నిద్ర పోవడం లేదట. నాన్నగారు రాసుకున్న ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఇంట్లో ఉంది. అందులో 2013, 2014 సంవత్సరాల పేజీ చిరిగిపోయింది. ‘రోజూ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే నా పని. ఈ మూడింటిలో ఏది తప్పో నాకే తెలియడం లేదు’ అని రాశారు.

సమాధానం: ముందుగా మీ నాన్నగారు పోయినందుకు నా సానుభూతి. రెండేళ్లు కాకముందే ఆయన చేతిరాత ముందు పెట్టుకుని లెక్కలు తీయాల్సి రావడం ఎంత కష్టమో మీ ఉత్తరం చదువుతుంటే తెలుస్తోంది.

మీరు టెస్టర్ కాబట్టి ఆ దారిలోనే వెళదాం. షేరు మీద లాభం తేలాలంటే నాలుగు సంగతులు కావాలి: అమ్మిన ధర, అమ్మిన తేదీ, కొన్న ధర, కొన్న తేదీ. అమ్మగారి బ్రోకర్ దగ్గర మొదటి రెండే ఉన్నాయి. ఎందుకంటే ఆ షేర్లు ఆవిడ కొనలేదు, ట్రాన్స్‌మిషన్‌లో, అంటే యజమాని పోయాక వారసుల పేరుకు మారే పద్ధతిలో, వచ్చి ఖాతాలో పడ్డాయి. మిగతా రెండూ ఎర్ర అట్ట పుస్తకంలో ఉన్నాయి. అవి దొరక్క మూడు టూల్సూ ఆ ఖాళీని తలా ఒక రకంగా నింపుకున్నాయి. ఫండు మీద అన్నీ ఎందుకు ఒప్పుకున్నాయో కూడా ఇందులోనే ఉంది. ఫండ్ల రికార్డులు ఉంచే క్యామ్స్, కేఫిన్‌టెక్ ఇచ్చే వివరమైన స్టేట్‌మెంటులో మొదటి రోజు నుంచి ప్రతి కొనుగోలూ తేదీతో, ఆ రోజు యూనిట్ ధరతో (ఎన్ఏవీ) సహా ఉంటుంది. దాన్ని చదవడం ఏ టూల్‌కైనా తేలికే. డీమ్యాట్ షేర్లు ఉండే డిపాజిటరీలు ఎన్ఎస్‌డీఎల్, సీడీఎస్ఎల్ ఇచ్చే స్టేట్‌మెంట్లు అలా కాదు. షేర్లు ఎప్పుడు వచ్చాయో, ఎప్పుడు పోయాయో చెబుతాయి కానీ ఎంతకు కొన్నారో చెప్పవు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. వారసత్వంగా వచ్చిన షేర్లకు, ముందటి యజమాని ఎంతకు కొన్నారో అదే కొన్న ధర. సెక్షన్ 49(1) చెప్పేది అదే. ఆయన దగ్గర ఉన్న కాలం కూడా అమ్మగారి కాలంలో కలుస్తుంది. షేర్లు ఆవిడ పేరు మీదకు మారినప్పుడు పన్ను పడదు, అమ్మినప్పుడే పడుతుంది.

ఇప్పుడు ఒక్కో అంకె చూద్దాం. బ్రోకర్ రిపోర్టు కొన్న ధర సున్నా అనుకుంది. అందుకే వచ్చిన డబ్బంతా లాభమైపోయింది. వెబ్‌సైటు, షేర్లు అమ్మగారి ఖాతాలో పడిన మార్చి నెల రోజునే కొన్న రోజుగా, ఆనాటి మార్కెట్ ధరనే కొన్న ధరగా తీసుకుంది. మార్చి నుంచి నవంబరుకు ఏడాది కాలేదు కాబట్టి షార్ట్ టర్మ్ అంది. తేదీ తప్పు, ధర తప్పు, అందువల్ల పన్ను రేటూ తప్పు. మీ తమ్ముడికి నచ్చిన అంకె ఇదే.

మీ స్నేహితుడి స్క్రిప్టు కొంచెం తెలివైనది. 2018 జనవరి 31 నియమం దానికి తెలుసు. ఆ రోజు దాకా కొని పెట్టుకున్న లిస్టెడ్ షేర్లకు, అప్పటివరకు పెరిగిన విలువ మీద పన్ను లేకుండా ప్రభుత్వం ఒక వెసులుబాటు ఇచ్చింది. ముందు 2018 జనవరి 31న ఎక్స్ఛేంజిలో పలికిన గరిష్ఠ ధర, మీరు అమ్మిన ధర, ఈ రెండిట్లో తక్కువది తీసుకోవాలి. తర్వాత దాన్ని నిజంగా కొన్న ధరతో పోల్చి, ఎక్కువది తీసుకోవాలి. అదే లెక్కలోకి వచ్చే కొన్న ధర. 200కు కొన్న షేరు ఆ రోజు 600 ఉండి, మీరు 1,000కి అమ్మితే లాభం 400. అదే షేరు 500కే అమ్మితే లాభం సున్నా, నష్టం మాత్రం చూపించకూడదు. 700కు కొని 500కు అమ్మితే మాత్రం 200 నష్టం నిజమైన నష్టమే.

ఈ స్క్రిప్టుకూ కొన్న ధర తెలియదు కాబట్టి అన్ని షేర్లకూ 2018 ధరే వేసేసింది. నాన్నగారు 2020లో, 2021లో కొన్నవాటికి కూడా. 2018 జనవరి 31 తర్వాత కంపెనీలు ఉచితంగా ఇచ్చిన బోనస్ షేర్లకు కూడా. ఈ బోనస్ దగ్గరే టూల్స్ ఎక్కువగా తడబడతాయి, కాస్త ఆగి చూడండి. మీ జాబితాలో రిలయన్స్, ఇన్ఫోసిస్ రెండూ ఉన్నాయి. రిలయన్స్ 2017 సెప్టెంబరులో ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. అది 2018 జనవరి 31 అనే గీతకు ఇవతలే ఉంది కాబట్టి ఆ బోనస్ షేర్లకు ఆ రోజు ధర వర్తిస్తుంది. ఇన్ఫోసిస్ కూడా ఒకటికి ఒకటే ఇచ్చింది, కానీ 2018 సెప్టెంబరులో. అవి గీత దాటాక వచ్చాయి, కాబట్టి వాటి కొన్న ధర సున్నా. రిలయన్స్ 2024 అక్టోబరులో మళ్లీ బోనస్ ఇచ్చింది. నాన్నగారు పోయిన తర్వాత, షేర్లు ఇంకా ఆయన ఖాతాలోనే ఉన్నప్పుడు వచ్చినవి అవి. వాటి ధర కూడా సున్నానే. బోనస్‌కు కాలం అలాట్ అయిన రోజు నుంచి లెక్క. మీరు అమ్మిన తేదీకి ఏడాది నిండిందో లేదో, బ్రోకర్ లావాదేవీకి పంపే కాంట్రాక్ట్ నోట్‌లో ఒకసారి చూసుకోండి.

ఇంకో చిక్కు స్ప్లిట్‌తో వస్తుంది. ఎస్‌బీఐ 2014లో పది రూపాయల ముఖవిలువ షేరును రూపాయి షేర్లుగా చేసింది. ముఖవిలువ మారితే షేరును గుర్తించే ఐఎస్ఐఎన్ కోడ్ కూడా మారుతుంది. కోడ్ చూసి కొన్నదాన్ని, అమ్మినదాన్ని జతచేసే టూల్, పాత కోడ్‌తో కొన్నవి ఇంకా అమ్మలేదనుకుంటుంది. కొత్త కోడ్‌తో అమ్మినవి అసలు కొననే లేదనుకుంటుంది. మళ్లీ ధర సున్నా. స్ప్లిట్‌కు బోనస్ నియమం వర్తించదు. మొదట కొన్న తేదీ అలాగే ఉంటుంది, ధరను పదితో భాగిస్తే చాలు.

మీరు ఉత్తరంతో పంపిన పుస్తకం ఫోటోలో ఒక వరుస నా కళ్లలో నిలిచిపోయింది. ‘ఆం. బ్యా. 1000 × 80. 9-6-09’ అని మాస్టారి గుండ్రటి అక్షరాలు. పక్కనే వేరే సిరాతో ‘యూనియన్ 325’. ఇంతకంటే మంచి రికార్డు ఉండదు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ప్రతి వెయ్యి ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. ఆయన దాన్ని కూడా పుస్తకంలో ఎక్కించి పెట్టారు. విలీనంలో వచ్చిన షేర్లకు పాత షేర్ల ఖర్చు, పాత తేదీ వెంట వస్తాయి. అంటే ఆ 325 షేర్ల ఖర్చు 80,000, తేదీ 2009. లెక్క తేలికగా ఉండటానికి అమ్మిన ధర 150 అనుకుందాం. వచ్చింది 48,750. అంటే 31,250 నష్టం. బ్రోకర్ రిపోర్టులో ఇదే వరుస 48,750 లాభంగా కనిపిస్తుంది! ఈ లాంగ్ టర్మ్ నష్టాన్ని మిగతా లాంగ్ టర్మ్ లాభాల్లోంచి తీసేయవచ్చు. ఈ ఒక్క వరుస తెలియకపోతే మీ లెక్క దాదాపు 80,000 తేడా పడుతుంది. ఏ టూలూ దీన్ని తనంతట తాను కనిపెట్టలేదు.

కాబట్టి నా సలహా: ముందు ఎక్సెల్ షీటు, తర్వాతే టూలు. పుస్తకంలోని ప్రతి కొనుగోలునూ ఒక వరుసగా ఎక్కించండి. కంపెనీ, కోడ్, తేదీ, ఎన్ని, ఎంతకు. బోనస్, స్ప్లిట్, విలీనం వచ్చిన చోట వేరే వరుస. చివరికి ప్రతి కంపెనీకీ మొత్తం, మార్చిలో అమ్మగారి ఖాతాలో పడిన సంఖ్యతో సరిపోవాలి. సరిపోతే ఆ కంపెనీ పని అయిపోయినట్టే. సరిపోకపోతే ఎక్కడో ఒక బోనస్ తప్పిపోయింది. అమ్మిన కంపెనీల్లో మీరు ఒక్క షేరూ మిగల్చలేదు కాబట్టి ముందు కొన్నది ముందు అమ్మినట్టు లెక్కవేయాలన్న నియమం మిమ్మల్ని పెద్దగా ఇబ్బంది పెట్టదు. చాలామంది బ్రోకర్ల సైట్లలో, బయటినుంచి వచ్చిన షేర్లకు కొన్న ధర, తేదీ మనమే నింపుకునే చోటు ఉంటుంది. అక్కడ నింపితే వాళ్ల రిపోర్టు సరవుతుంది, దాన్ని చదివే సైటూ సరవుతుంది. లోపాన్ని పుట్టిన చోటే సరిచేయడం మీకు కొత్త కాదు.

ఇక ఎవరి చేత చేయించాలి అన్నది. మీరే చేస్తే రెండు మూడు ఆదివారాలు పోతాయి. డబ్బు మిగులుతుంది, పైగా మిగిలిన మూడు కంపెనీల షేర్లు అమ్మేటప్పుడు ఈ షీటే మళ్లీ పనికొస్తుంది. వేయాల్సిన రిటర్న్ ఫారం ఐటీఆర్-2. అందులో షెడ్యూల్ 112ఏలో, 2018 జనవరి 31 లోపు కొన్నవి కంపెనీవారీగా నింపాలి. సీఎస్‌వీ ఫైలుగా ఎక్కించే వీలుంది, ఈ ఫైలు తయారుచేయడానికి టూల్ నిజంగా అక్కరకొస్తుంది. ఆడిటర్‌కు ఇస్తే మీ తలనొప్పి తగ్గుతుంది. కానీ ఆయనా పుస్తకమే అడుగుతారు. స్టేట్‌మెంట్ తీసుకుని అదే వెబ్‌సైటులో పడేసి సంతకం పెట్టేటట్టయితే ఆ 15,000 దండగ. నేనైతే షీటు నేనే తయారుచేసుకుని, రిలయన్స్‌నుంచి విడిపోయిన జియో ఫైనాన్షియల్ లాంటి డీమెర్జర్ వరుసలు, పేజీ చిరిగిన ఏళ్ల వరుసలు మాత్రం ఆయన ముందు పెడతాను. అంత పనికి అంత ఫీజు ఉండదు. అడిగి చూడండి.

బ్రోకర్ రిపోర్టు ఉన్నదున్నట్టు వేస్తే నోటీసు భయం తక్కువే. కానీ లాంగ్ టర్మ్‌గానే లెక్కేసినా 1,25,000 మినహాయింపు పోను 17,15,000 మీద 12.5 శాతం. అంటే 2,14,375, పైన సెస్. మీ నాన్నగారు నిజంగా పెట్టిన డబ్బు మీద కూడా పన్ను కట్టినట్టవుతుంది. అమ్మగారు అలా చేయాల్సిన పని లేదు. కొత్త పన్ను విధానంలో ఆవిడకు మరో చిన్న లాభం కూడా ఉంది. నాలుగు లక్షల వరకు పన్ను లేదు, ఆవిడ మిగతా ఆదాయం 3,40,000. మిగిలిన 60,000 పరిమితిని కూడా ఈ లాభంలోంచి తగ్గించుకోవచ్చు. కొన్ని టూల్స్ దీన్ని లెక్కలోకి తీసుకోవు, చూసుకోండి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇచ్చే 87ఏ పన్ను తగ్గింపు (రిబేటు) మాత్రం ఈ లాభానికి రాదు.

తమ్ముడు చెప్పినట్టు 1,90,000 వేస్తే 20 శాతం చొప్పున 38,000తో అయిపోతుందని అనిపిస్తుంది. కానీ అమ్మకం వివరాలు డిపాజిటరీల ద్వారా ఏఐఎస్‌లో, అంటే పన్ను శాఖ దగ్గర అమ్మగారి పేరున ఉండే వార్షిక సమాచార పట్టికలో, ముందే చేరి ఉంటాయి. అడిగితే ఆ కొన్న తేదీకి మీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు. ఆదాయం తక్కువ చూపితే ఎగ్గొట్టిన పన్నులో 50 శాతం జరిమానా, తెలిసి తప్పు చూపారని తేలితే 200 శాతం. ఆ నోటీసు వచ్చేది తమ్ముడికి కాదు, పాన్ అమ్మగారిది. అతనితో దెబ్బలాడకండి. అతనికి ఈ ఒక్క మాట చాలు: ‘ఒరేయ్, నోటీసు అమ్మ పేరున వస్తుందిరా.’ పైగా సరైన లెక్క స్క్రిప్టు చెప్పిన 7,20,000 కంటే తగ్గవచ్చు, పెరగవచ్చు. ఆంధ్రా బ్యాంకు లాంటివి ఇంకొన్ని ఉంటే తగ్గుతుంది, ఇన్ఫోసిస్ బోనస్ దాన్ని పెంచుతుంది. తేలాక మాట్లాడుకోవచ్చని చెప్పండి.

ఏఐఎస్‌లో కనిపించే అమ్మకం విలువ మీ కాంట్రాక్ట్ నోట్‌తో రూపాయల్లో తేడా ఉండొచ్చు. గాబరా పడకండి. కాంట్రాక్ట్ నోట్‌లో ఉన్నదే సరైనది. ఏఐఎస్‌లోనే ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలుంది. బ్రోకరేజీని ఖర్చుగా తీసేయవచ్చు, షేర్ల లావాదేవీ మీద పడే పన్ను ఎస్‌టీటీని తీసేయకూడదు. ఈ రెండిటినీ కలిపేసే టూల్స్ ఉన్నాయి, మీది ఏం చేస్తోందో ఒక్క లావాదేవీ చేత్తో లెక్కేసి చూడండి.

మావయ్యగారు చెప్పిన సైటు వద్దు. లాగిన్, పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికిచ్చినా ఖాతా ఇచ్చినట్టే. స్టేట్‌మెంట్ పీడీఎఫ్ అప్‌లోడ్ చేయడం దానికంటే మేలు. కానీ అందులోనూ పాన్, చిరునామా, డీమ్యాట్ నంబరు, ఏం షేర్లు ఎన్ని ఉన్నాయో అన్నీ ఉంటాయి. డిపాజిటరీల స్టేట్‌మెంటుకు పాస్‌వర్డే పాన్ నంబరు. మీకు పైథాన్ నడపడం వచ్చు కాబట్టి, మీ లాప్‌టాప్‌లోనే నడిచే స్క్రిప్టు మీకు అన్నిటికంటే క్షేమం. ఆ స్నేహితుడి స్క్రిప్టుకే కొన్న ధరల కాలమ్ ఒకటి జతచేయించండి. మీ మీద ప్రేమతోనే చెప్పినా, పాస్‌వర్డ్ విషయంలో మాత్రం మావయ్యకు మర్యాదగా వద్దనండి.

అమ్మగారికి ఇవాళే ఒక మాట చెప్పండి. అడ్వాన్స్ ట్యాక్స్ కట్టలేదు, నెలనెలా వడ్డీ పడుతోందేమోనని ఆవిడ భయపడుతున్నట్టు రాశారు. 60 ఏళ్లు దాటి, వ్యాపార ఆదాయం లేనివాళ్లు అడ్వాన్స్ ట్యాక్స్ కట్టనక్కర్లేదు. గడువులోగా పన్ను కట్టి రిటర్న్ వేస్తే ఆవిడకు వడ్డీ ఏమీ పడదు. నష్టాలు మిగిలితే వాటిని ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లడానికి కూడా ఆ గడువే ముఖ్యం.

చిరిగిన పేజీ సంగతి. నాన్నగారి పాత డీమ్యాట్ ఖాతా ఉన్న సంస్థకు (డీపీ), డెత్ సర్టిఫికెట్ కాపీ జతచేసి, 2013 జనవరి నుంచి 2014 డిసెంబరు దాకా ట్రాన్సాక్షన్ స్టేట్‌మెంట్ కావాలని అమ్మగారి చేత ఉత్తరం పెట్టించండి. అందులో షేర్లు ఖాతాలో పడిన తేదీలు దొరుకుతాయి. కొనుగోలు దానికి రెండు మూడు పనిదినాల ముందు జరిగి ఉంటుంది. ఆనాటి ధర బీఎస్ఈ, ఎన్ఎస్ఈ పాత రోజువారీ ధరల ఫైళ్లలో ఉంటుంది. ఆయన ఈమెయిల్ తెరవగలిగితే కాంట్రాక్ట్ నోట్లే దొరకవచ్చు, ముందు అక్కడ వెతకండి. ఎలా అంచనా వేశారో షీటులో ఆ వరుస పక్కనే రాసి పెట్టండి. పుస్తకం ప్రతి పేజీనీ స్కాన్ చేసి, అసలు పుస్తకాన్ని అమ్మగారి దగ్గరే ఉంచండి.